ఎఫ్ ఎన్ యు

డెమోయిన్ విమానాశ్రయంలో తెల్లవారుజాము నాలుగున్నర.
బయట మంచు గీకుతున్న పారల చప్పుడు,
లోపల వరసలో నలుగురమే.
నా చంకలో నీలం ఫైలు.

స్పోకేన్‌లో వకుళకి రేపో మాపో కాన్పు.
పథ్యం వండిపెట్టడానికి నేనొస్తానని మాటిచ్చాను.
ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి, అంతే.
సముద్రం దాటడం లేదు, సరిహద్దు దాటడం లేదు.
అయినా రాత్రి
ఇంగువ డబ్బా కంటే ముందు సర్దింది కాగితాలే.

లైసెన్సు గడువు పదకొండు రోజుల కిందట తీరిపోయింది.
వీసా ఎన్నాళ్లో అదీ అన్నాళ్లే.
పొడిగించమని పెట్టుకున్న దరఖాస్తు
నెబ్రాస్కాలో ఎవరి బల్ల మీదో నిద్రపోతోంది.
అందిందని వాళ్లు పంపిన రసీదు ఉంది.
రసీదుకి నకలు ఉంది.
నకలుకీ నకలు ఉంది.
రసీదు మీద నా ఫోటో లేదు,
ఫోటో ఉన్నదానికి ప్రాణం లేదు.

పాస్‌పోర్టుందిగా, చాలు, అన్నాడు మా ఆయన
దుప్పటి లోపలి నుంచి.
చాలునని నాకూ తెలుసు.
నాకు తెలియడం వేరు, నా చేతులు వినడం వేరు.

మొదటి పాస్‌పోర్టుకి ఫారం నింపిన ఏజెంటు
ఇంటిపేరూ పేరూ కలిపి ఒకే గడిలో కూరాడు.
రెండో గడి ఖాళీగా వదిలేశాడు.
ఆ ఖాళీని ఈ దేశం ఖాళీగా ఉంచలేకపోయింది.
మూడక్షరాలు రాసుకుంది: ఎఫ్ ఎన్ యు.
పేరు తెలియదు, అని దానర్థం.
ఆస్పత్రిలో నర్సు తలుపు తీసి "ఫ్నూ!" అని కేకేస్తుంది.
కరెంటు బిల్లు ఫ్నూకి వస్తుంది.
పళ్ల డాక్టరు పుట్టినరోజు కార్డు మీద
ప్రియమైన ఫ్నూ, అని రాస్తాడు.
ఒక్కోసారి జాలేస్తుంది ఆవిడ మీద.
నా పన్నులు కట్టి, నా పళ్లు చూపించుకుని,
నా ఇంట్లోనే ఉంటూ
ఏనాడూ ఒక ముద్ద తినదు.

నా ముందు ఎర్ర ఉన్నిటోపీ పెట్టుకున్న ముసలావిడ,
చేతిలో కేకు డబ్బా.
సంచీ మొత్తం బల్ల మీద కుమ్మరించింది:
కళ్లజోడు, దగ్గుబిళ్లలు, కత్తిరించిన కూపన్లు,
తాళంచెవులు, ఇంకో కళ్లజోడు.
కార్డు మాత్రం లేదు.
వంటింటి గట్టు మీద మరిచిపోయిందట.
గుండెదడ నాకు, నవ్వు ఆవిడకి.
"డెబ్భై తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉన్నాను,
ఇప్పుడెవరిననుకుంటావు నాయనా?"
ఎవరికో ఫోను చేశారు. ప్రశ్నలు వేశారు,
ఇదివరకు ఏ వీధిలో ఉండేవారు,
అమ్మేసిన కారు ఏ రంగు.
పక్కకి తీసుకెళ్లి సంచీ తడిమారు, కేకూ చూశారు.
ఆవిడ ఆ కారు కథ చెబుతూనే ఉంది.
పంపించేశారు.

ఈలోగా నేనూ నా వీధులు వల్లించుకున్నాను.
డెమోయిన్‌లో రెండు, పియోరియాలో ఒకటి.
అంతకు ముందువి
వాళ్ల ఫోనుకి అందవు.

నా వంతు.
గుమ్మడికాయల ఊసు ఎవరూ ఎత్తలేదు,
నా భుజాలు నేనే తడుముకున్నాను.
ఫైలు విప్పబోతే కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు.
పాస్‌పోర్టు ఒక్కటి చాలండి.
కెమెరా వైపు చూడమన్నాడు.
ఆవులించాడు.
వెళ్లమన్నాడు.

రాత్రంతా నేను జవాబులు చెప్పుకున్న మనిషి
ఇతను కాదు.
అతనికి ఇవాళ సెలవేమో.
తిరుగు ప్రయాణానికి రావచ్చు.

అవతల బెంచీ మీద ముసలావిడ వంగలేక
బూటుతో అవస్థ పడుతోంది.
నా ఒక కాలికి బూటు తొడుక్కుని
ఆవిడ లేసు కట్టడానికి కూర్చున్నాను.
"ఇంటికా, ఇంటి నుంచా?" అని అడిగింది.
ఇంటి నుంచే, అన్నాను.
అనేశాక, అంత తేలిగ్గా ఎలా వచ్చిందా మాటని
నాకే ఆశ్చర్యమేసింది.

పేరడిగింది. నీలవేణి, అన్నాను.
మూడుసార్లు విరిచింది, నాలుగోసారి
ణ దగ్గర కాస్త జారి, దాదాపు పలికింది.
ఇంకోసారి చెప్పమని అడుగుతోంది.

వెనక బెల్టు మీద నా నీలం ఫైలు
బూడిదరంగు ట్రేలో ఒంటరిగా వచ్చి ఆగింది.
ఎవరిదిది, అని అరిచింది యూనిఫాంలో ఒకామె.
అట్ట మీది పేరు చదవడానికి
నోరు తెరుస్తోంది.

ఒంటి బూటుతో పరిగెత్తాను.