ఇంకో ఏడాది ఇక్కడే

జాబితా గోడకి అంటించారు.
మైదా జిగురు ఇంకా తడారలేదు.
పైనించి కిందికి చదివాను, కిందనించి పైకి చదివాను,
పొడి చేతుల్తో కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాను.
లోహిత ఉంది. కవలలిద్దరూ ఉన్నారు.
నిన్నగాక మొన్న నా పక్కన నిలబడి
కిప్ నేర్చుకున్న పెనమలూరు పిల్ల కూడా ఉంది.

నేను నాలుగో లెవెల్లోనే.
మూడో ఏడు.

శౌరి సార్ నా వైపు చూడకుండా
బార్ల బోల్టులు బిగిస్తూ చెప్పాడు:
"మోకాలు వంగుతోంది తబితా. రవ్వంత.
రవ్వంతే గానీ జడ్జీల కళ్లు ముందు దాని మీదే పడతాయి.
ఇంకో ఏడాది ఆగు."
ఆ రాత్రి ఉప్మాలోంచి
ఒక్క గింజ తీసి వేలి మీద పెట్టుకుని చూశాను.
ఇంత.
ఇంతకి ఒక ఏడాది.

లోహిత వాళ్లమ్మ బందరు లడ్డూలు పంచింది.
తీసుకున్నాను. తిన్నాను.
బాగానే ఉంది, అదొకటి.

పోయిన వేసవిలో నన్ను పీట మీద కూర్చోబెట్టారు.
చిమ్మిలి పెట్టారు, పసుపు రాశారు,
రాణిగారితోట అత్తలంతా వరసకట్టి
"పెద్దదానివైపోయావే" అన్నారు.
పదకొండు రోజులు హాలుకి పంపలేదు.
చాప మీద పడుకుని
కాలి వేళ్లు చాచి, లాగి, చాచి, లాగి,
ఎవరూ చూడనప్పుడు గోడకానుకుని చేతుల మీద నిలబడ్డాను.
పట్టులంగా మొహం మీదికి జారిపడింది.
లోపలంతా ఎర్రటి వెలుతురు.
తలకిందులుగా ఉన్న ఆ కాసేపూ
నేను పెద్దా కాదు, చిన్నా కాదు.

అప్పట్నించి నాలుగంగుళాలు పెరిగాను.
లియోటార్డు భుజాల దగ్గర కోస్తోంది.
కింది బారు పట్టుకు ఊగితే పాదాలు పరుపుకి తగుల్తున్నాయి.
అవి తగలకూడదనే కదా సార్, మోకాలు వంచింది.
ఆ మాట ఇంటికొచ్చాక తట్టింది.

నాన్న బ్యారేజీ మీద లస్కరు.
డ్యూటీ దిగకముందే వెళ్లి రెయిలింగు పక్కన నిలబడ్డాను.
నీళ్ల సీసా ఇచ్చాడు. ఏమీ అడగలేదు.
స్తంభం మీద తెల్లరంగుతో అడుగుల అంకెలు.
పదకొండు మునిగింది, పన్నెండు తడుస్తోంది.
అటు కొండల దాకా కృష్ణ, నిండుగా, ఉలుకూ పలుకూ లేకుండా.
ఇటు ఇసుక, బట్టలారేస్తున్న ఇద్దరాడవాళ్లు, ఒక కొంగ.

"నిండినా మా అంతట మేం ఎత్తం" అన్నాడు.
"పైనించి ఫోను రావాలి.
వచ్చినా ముందు ఒక్క అడుగే."
కాసేపాగి ఇంకేదో చెప్పబోయాడు,
నీళ్లు, ఓపిక, అలాంటిదే ఏదో.

"నాన్నా, నేను నీళ్లు కాదు" అన్నాను.

నీళ్లకి నిరుడు గుర్తుండదు.
నీళ్ల పక్కన లోహిత ఉండదు.
నీళ్లు తెల్లారి నాలుగున్నరకి లేచి
అరచేతి బొబ్బలకి వేపనూనె రాసుకోవు.

నాన్న నవ్వలేదు. నొచ్చుకున్నాడో ఏమో తెలీదు.
పొట్లం విప్పి సగం పునుగులు నా వైపు జరిపాడు.
ఏదో గేటు అడుగున రబ్బరు అరిగినట్టుంది,
సన్నగా, కోపంగా, ఒక పాయ చిమ్ముతోంది.
"అదెప్పుడూ అంతే" అన్నాడు,
"రాసి పంపుతూనే ఉంటాం."

మర్నాడు వెళ్లకూడదనుకున్నాను.
వెళ్లాను.
ఐదో లెవెల్ వాళ్లు కిటికీల వైపున్న కొత్త పరుపు మీదికి మారిపోయారు.
నా వరసలో ఇప్పుడంతా ఎనిమిదేళ్లవాళ్లు,
ముందు పళ్లు ఊడినవాళ్లు,
పిల్లిమొగ్గ వేసి తమకి తామే చప్పట్లు కొట్టుకునేవాళ్లు.
అందులో ఒకతి తలెత్తి, ఇంకా ఎత్తి, నన్ను చూసి
"నువ్వు కొత్త మేడమ్‌వా?" అంది.

"కాదు" అన్నాను.
పొడి రాసుకున్నాను.
బారు అందాలంటే వాళ్లంతా ఎగరాలి.
నేను చెయ్యెత్తితే చాలు.