సున్నం గీత

తాడిపత్రి రోడ్డు వెడల్పు చేస్తారంట.
ఏఈ సారు సున్నంతో గీత గీసి
నన్నడిగినాడు: "ఏం చేద్దాం వన్నూరప్పా,
స్తంభాలు జరుపుదామా, లైను పూడ్చేద్దామా?"

తూర్పుకు జరిపితే
మహబూబ్బీ మిద్దె మీద ఆరేసిన చీరకూ
పదకొండు కేవీకీ నడుమ మూరెడే.
పడమటికైతే పెట్రోలు బంకు.
పూడ్చాలంటే జానెడు మన్ను కింద నల్లబండ,
గడ్డపార కొడితే నిప్పు లేస్తాది.
ఖర్చు నాలుగింతలు.

పైన తెగితే కంటికి కనబడతాది.
కింద తెగితే
నేలకు చెవి ఆనించి వినాల.

ఏడు బోర్లేసి
ఈ నేలను నీళ్లడిగినోణ్ణి.
దాని మౌనం నాకు తెల్సు.

అయినా
రెండు వేళ్లు లేని ఎడమచెయ్యి
జేబులో పెట్టుకుని
"పూడ్చండి సార్" అన్నా.

సారు రాసుకోలేదు.
బండల లారీ పోయి
గీత సగం చెరిగింది.