జెల్లీ గది తాళం

తాళం చేతికిచ్చే ముందు, పా న్యా,
ఈ సొరుగొకసారి లాగి చూడు.
మాత్రల డబ్బీల్లో దూది పరిచి
ముప్పై నాలుగేళ్లుగా దాచాను.
మూతల మీద ఏడాది, నా చేతిరాతే.
మొదట్లో అక్షరాలు గుండ్రంగా ఉండేవి.

అన్నిటికంటే పాతది ఇదిగో.
మెత్తటి సీసం, కొసన చిన్న గుంట,
గూట్లో పక్షిపిల్ల నోరు తెరిచినట్టు.
తగలగానే విచ్చుకోవాలి. అదొక్కటే దాని పని.
ఉత్త జెల్లీలో చక్కగా విచ్చుకుంది,
గదంతా చప్పట్లు.
చలికాలంలో దులూత్ పోలీసులు రిపోర్టు పంపారు:
మందపాటి కోటు అడ్డొచ్చిందట,
గుంట నిండా ఉన్ని కూరుకుపోయి
తూటా ఏమీ ఎరగనట్టు అవతలికి వెళ్లిపోయిందట.
అవతల ఎవరున్నారో రిపోర్టులో లేదు.

అలా మొదలైంది డెనిమ్.
నాలుగు పొరల బట్ట ముందు కట్టి కాల్చాలన్నారు.
ఆ వారం బట్ట రాలేదు.
మా ఆరిన్ పాత ప్యాంటు తెచ్చి కత్తిరించాను.
మోకాలి దగ్గర నేను వేసిన మాసిక ఉంది,
అంతవరకు వదిలేసి కోశాను. ఎందుకో.

ఈ డబ్బీ చూడు. రాగి తొడుగుకి గాట్లు పెట్టారు,
చిరిగితే ఇక్కడే చిరగమని ముందే చెప్పినట్టు.
ఆరు రేకులు, పిల్లి గోళ్లలా వెనక్కి వంగి.
పక్కదాంట్లో తొడుగొక చోట, సీసమొక చోట,
కోర్టు మెట్లు దిగిన మొగుడూ పెళ్లాల్లా.
అందుకని రెంటినీ కరిగించి అతికించారు.
ఆపైన కారు అద్దం దాటినా విడిపోలేదు.
ఇది మొన్నటిది. గుంటలో ఎర్ర ప్లాస్టిక్ బిరడా!
ఆ ఖాళీ కోసం ఇన్నేళ్లు తంటాలు పడి
చివరికి దాన్నే పూడ్చారు, బట్ట దూరకుండా.
నవ్వొస్తోంది కదూ. నాకూ వచ్చింది.

పొడి పంది చర్మంది. నీళ్లు మరగనివ్వకు,
నురగ తేలితే గరిటెతో తీసెయ్.
పన్నెండంగుళాలు దాటాలి, పద్దెనిమిది దాటకూడదు.
స్కేలు అంచు అరిగింది, సున్నా దగ్గర జాగ్రత్త.
ఇంకోటి, ఏ పుస్తకంలోనూ రాయలేదు:
జెల్లీ చేతులెత్తదు.
వెనక్కి తిరిగి పరిగెత్తదు.

ఒక ఫిబ్రవరిలో ఆసుపత్రి వాళ్లు ఎక్స్‌రే పంపారు,
ఎవరి తయారీయో పోల్చగలవా అని.
కిటికీ వెలుతురుకి పట్టుకున్నాను.
పక్కటెముకల నీడల నడుమ ఆరు రేకులు,
ఒక్కటీ విరగలేదు, మన కేటలాగు బొమ్మలా.
"బాగా విచ్చుకుంది."
నా నోటి నుంచే వచ్చిందా మాట.
తర్వాత చూశాను, ఫిల్ము మూల
పుట్టిన తేదీ.
ఆ ఏటి డబ్బీ ఇంకా నా సొరుగులోనే ఉంది.

చర్చి భోజనాలకి ఇప్పటికీ నన్నే జెల్లీ తెమ్మంటారు,
నిమ్మపచ్చ రంగుది, లోపల క్యారెట్ తురుముతో.
పిల్లలు పళ్లెం ఊపి, అది వణికితే నవ్వుతారు.
నేను బంగాళాదుంపలు పట్టుకెళ్తాను.

ఇదిగో తాళం.
తలుపు బిగుసుకుంటుంది చలికి,
కొంచెం పైకెత్తి తొయ్యాలి.