మూడో తూటు

పదిహేను రూపాయలు.
డబ్బాల చెయ్యి పెడితె ముందుగాల తగిలేది అదే.
తెల్ల ప్లాస్టిక్ ముద్ద,
ముందట మూడు తూట్లు, ఎనుక రెండే కాళ్లు.
రోహిణి కార్తె రాకముందే
వందలకొద్ది అమ్ముతం మేము, స్టేషన్ రోడ్డుల.
కూలరు కొత్తది, గోడ పాతది,
నడుమ ఇదొక్కటి పెడితె సంబంధం కుదిరినట్టే.
మూడో తూటు ఎటు పోతదని
నన్నెవరు అడగలె.
నేను సుత నన్ను అడగలె.

కొత్తవాడ బోగ అనసూర్య మనవడు
ఒకటి కొనుక్కపోయినోడు మూడొద్దులకు మళ్లచ్చిండు.
"ఇది మంచిగలేదక్కా, ఇంకోటియ్యి.
కూలరు ముట్టుకుంటె చీమలు పారినట్టైతాంది.
మా నాయినమ్మ చెప్పులేసుకొని నీళ్లు పోస్తాంది."

చెప్పులేసుకొని.
ఆ మాటకు చిల్లర లెక్క తప్పిన.

గల్ల తమ్మునికప్పజెప్పి
యాకూబ్ మేస్త్రి బండెనుక కూసున్న.
పెంకుటిల్లు. చెక్క మీద నల్ల స్విచ్చులు.
ఫ్యూజుల ఎంట్రుకంత తీగ ఉండాల్సిన కాడ
దబ్బణమంత తీగ.
టెస్టరు ముక్కు కూలరు ఒంటికి ఆనిచ్చిండు యాకూబ్.
లోపల ఎర్రగ కన్ను తెరిసింది.
"మోటరుకాడ వైరు రాసుకపోయింది.
కరెంటు రేకులకొచ్చి కూసున్నది, పోను తొవ్వ లేదు.
ముట్టినోళ్లే తొవ్వ."

మెయిను బందు పెట్టి బోర్డు ఇప్పితె
ఇదివరకెవడో తెలివిగల్లోడు
పక్క సాకెట్ల మూడో తూటును
న్యూట్రలుకు ముడేసి పోయిండు.
యాకూబ్‌కు కోపం తక్కువ.
ఆ ముడి చూసి మాత్రం
పాన్ ఉమ్మొస్తనని పోయి చానసేపు రాలె.
"ఆ న్యూట్రలు ఎన్నడు తెగితె
ఆనాడు మిషిని ఒల్లంత ఫేజే," అన్నడొచ్చి,
నాతోని కాదు, గోడతోని.

ఎర్తు దింపాలె. ఏడ తవ్వుదం?
అనసూర్య ఎనుక కొట్టం చూపింది.
కప్పు సగం కూలి, వాన నేరుగ పడే జాగ.
మగ్గం లేదు.
మగ్గం గుంత ఉన్నది.
"మా ఆయన నలభై ఏండ్లు ఇండ్లనే కాళ్లు పెట్టి
జంపఖానాలు నేసిండు.
ఎండకాలం సుత పాదాలు సల్లగుండేటియట."
యాకూబ్ దిగి నిలవడ్డడు. తొడలదాక వచ్చింది.
"సగం పని ఆయనే చేసిపోయిండమ్మా."

ఇంకో ఆరడుగులు.
ఎర్రమట్టి కింద మొరం, మొరం కింద తడి.
తూట్లు కొట్టిన జీఐ పైపు నిలవెట్టి
చుట్టు బొగ్గొక వరుస, దొడ్డుప్పొక వరుస,
మళ్ల బొగ్గు, మళ్ల ఉప్పు.
ఉప్పు బస్తా చూసి వాడకట్టంత నవ్వింది.
"ఏం తొక్కు పెడ్తానవు అనసూర్యా?"
"కరెంటు తొక్కు," అన్నదామె.

రాసుకపోయిన వైరు మారింది, ఫ్యూజుల సన్నతీగ పడ్డది.
గుంతలకెల్లి లేసిన ఆకుపచ్చ తీగ
గోడెక్కి, కొత్త సాకెట్ల పెద్ద తూటుకాడ ఆగింది.
బుగ్గ తీగ ఒకటి ఫేజుకు, ఒకటి ఎర్తుకు పట్టిండు యాకూబ్.
పట్టపగలు, నిండుగ ఎలిగింది.
భూమికి కరెంటొచ్చినట్టు పోరగాండ్లు ఎగిరిన్రు.
"ఎండకాలం ఈ గుంతల బిందెడు నీళ్లు పొయ్యి, మరువకు.
కూలరుల నీళ్లు పోసేముందు ప్లగ్గు పీకు.
ఎర్తున్నదని ఎగిరెగిరి పడకు."
అనసూర్య తలూపింది.
చెప్పులు మాత్రం ఇడువలె.

అప్పటిసంది ఒకటి గల్ల మీద పెట్టుకున్న.
అడిగినోళ్లకు తిప్పి చూపెడ్త.
ముందట ఎన్ని? మూడు.
ఎనుక ఎన్ని? రెండు.
మరి?

నిన్న గీసుగొండ నుంచి ఒకాయన
ఇదంత నిమ్మలంగ విన్నడు,
"నిజమే చెల్లె" అన్నడు,
పక్క దుకాణంల పన్నెండు రూపాయలకు కొనుక్కొని
బస్సెక్కిండు.

డబ్బాల ఇంక నూటపదకొండున్నయి.
అమ్మినయి ఎన్నో
ఎన్నడు రాసుకోలె.