పలకని అక్షరం

క్లాక్స్‌విక్ రేవులో వాన పైనుంచి పడదు,
పక్కనుంచి వస్తుంది.
పడవల దస్తావేజుల గదిలో సోల్వా
హీటరు మీద చేతిమేజోళ్లు ఆరేసి
ప్రశ్న రాస్తోంది.

ప్రశ్నలు రాసే ఆ భాషకి మాటలు తక్కువ.
లెక్కపెట్టు, కూడు, వడగట్టు, వరుసలో పెట్టు.
నూట ముప్పై ఏళ్ల పడవల్లో
ఆరుగురు ఎక్కినవి ఏవంటే చెబుతుంది,
తారు పూసినవి ఎన్నంటే చెబుతుంది.
ఆ రోజు జలసంధిలో నీటివడి ఎటు లాగిందో,
తెడ్లు వేసేవాళ్లు ఏ వేళకి ఇల్లు చేరాలో
అడిగితే మాత్రం
నోట్లో నీళ్లు పోసుకుని కూర్చుంటుంది.

అది తెలిసినవాడు హానుస్.
ఇరవై రెండేళ్ల కిందట జావాలో ఒక మెథడ్ రాశాడు.
పడవ పేరూ తేదీ ఇస్తే
పోటూ గాలీ కలిపి గంటలు చెబుతుంది.
రాసి, తలుపేశాడు: ప్రైవేట్.
ఇంటివాళ్లు పిలిస్తేనే పలుకుతుంది.
మొన్న ఫిబ్రవరిలో హానుస్ పోయాడు.
కోటు ఇంకా ఆ కొక్కేనికే ఉంది.

రిఫ్లెక్షన్ అంటారు, అద్దమేమీ కాదు.
నడుస్తున్న ప్రోగ్రామునే నిలబెట్టి
నీలో ఎవరెవరున్నారని అడగడం.
అది తన పేర్లన్నీ తనే చదువుతుంది,
ఎవరేం పుచ్చుకుంటారో, తిరిగి ఏమిస్తారో.
అందులో ఒక పేరు పట్టుకుని
ప్రశ్న మధ్యలోంచి పిలవడమే.
ముందు పరిచయం అక్కర్లేదు.
పేరు తప్పకూడదు, అంతే.

సోల్వా పిలిచింది.
అలాంటి మెథడ్ లేదు.
పెద్దక్షరంతో పిలిచింది.
లేదు.

ఆ పేరుకి అర్థం, వేటకి వెళ్లిరావడం.
ఒట్టి వెళ్లడానికి వాళ్లకి వేరే మాటుంది.
గడప దాటుతూ మనమూ ‘వెళ్తా’ అనం కదా.
పలికితే రోవుర్.
రాస్తే నడుమ ఎడ్ అని ఒక అక్షరం,
వంగిన తలకి అడ్డంగా చిన్న గీత.
ఎవరూ పలకరు దాన్ని. ఊరికే ఉంటుంది,
మన పాత పుస్తకాల్లో అరసున్న లాగా,
ఒకప్పుడు ఇక్కడేదో మోగేదని గుర్తుగా.
ప్రోగ్రాముల్లో ఎవరు పెడతార్లే అని
సోల్వా చెవికి విన్నట్టు రాసింది.
హానుస్ బళ్లో నేర్చుకున్నట్టు రాశాడు.
యంత్రానికి చెవుల్లేవు.

గీత పెట్టింది. ఈసారి వేరే జవాబు:
ఉంది, నీకు హక్కు లేదు.
గడియ తీయడానికీ ఒక వాక్యం ఉంది, చిన్నదే.
అది రాసేముందు
ఎందుకో కోటు వైపు చూసింది.

గంటలు రావడం మొదలైంది.
నాలుగున్నర. ఆరు. పదకొండుంబావు.
1911 మార్చిలో రెండు పడవలు,
ఇరవై నిమిషాల తేడాతో.
తెర మీద ఒక్కొక్కటే ఒడ్డుకి.
పోయిన మనిషి లెక్క
ఉన్న మనిషి లెక్కలాగే నడుస్తోంది.

అక్కడ ఎర్ర గీత.
అంకె రావలసిన చోట మాట వచ్చింది.
హావ్సూలన్, 1957 నవంబరు.
మెథడ్ లోపల ఆ ఒక్క పడవకే
విడిగా ఒక షరతు.
తేదీ ఏదైనా, గాలి ఎటున్నా,
‘ఇక్కి ఎన్’.
ఇంకా రాలేదు.

పడవ పట్టీ తీసింది సోల్వా.
ఆరో తెడ్డు: హేయిన్, పదిహేడేళ్లు,
తండ్రి పేరు హానుస్ తండ్రిదే.
అన్న అన్నమాట.
పదేళ్లు కలిసి కాఫీ తాగారు, ఒక్కనాడూ చెప్పలేదు.
ఆ పేరు నడుమ కూడా
అదే పలకని అక్షరం.

వరుసలో పెట్టమంటే భాష అడుగుతుంది,
అంకె లేనివి ముందా, చివరా?
మూడోది లేదు.
ఆమె షరతు జోలికి పోలేదు.
వరుసలో పెట్టు అన్న మాటనే చెరిపేసింది.
పడవలు పట్టీలో ఎక్కినట్టే, ఎక్కడివక్కడ,
హావ్సూలన్ నాలుగు వందల పన్నెండోది,
ముందు ఒకటి వచ్చింది, వెనక ఒకటి వచ్చింది.

మేజోళ్లలో ఒకటి ఆరింది.