రసమట్టం

పెన్సిలు రెండోసారి దొర్లిపోయాక
బ్రైషో రసమట్టాన్ని సంచిలో పడేశాడు.
"పడవలో దీనికి పనిలేదు, ఉషియా.
బుడగ నీకంటే ఎక్కువ తిరుగుతోంది."

ఒడ్డున అద్దెగది తాళాలు
సోమవారమే ఇచ్చేశాను.
ఇక కొలతలన్నీ నా ఒంటివే.
మోచెయ్యి ఆనేచోట బల్ల,
మోకాలు తగలని మూల బ్యాటరీ,
చటుక్కున లేచినా నెత్తి పగలకుండా
జానెడు పక్కకి దీపం.
సముద్రపటాలు పరిచే పాత పలకకే
వంటగది అలమర మడతబందులు బిగించాం.
మూస్తే మంచం, తెరిస్తే ఆఫీసు.
అంచు చుట్టూ వేలెడెత్తు చెక్క,
కాఫీకీ కాగితాలకీ గట్టు.

కుర్చీ పట్టలేదు.
లైఫ్ జాకెట్ల పెట్టె మీద దిండేసుకున్నాను.
ప్రింటరు గురించి రెండు రోజులు వాదించుకున్నాం.
అది ఇప్పుడు అతని షెడ్డులో
రంపప్పొట్టు కప్పుకుని ఉంది.

మొదటి లెక్క, ఆల్చిప్పలు పెంచే సెర్వాండోది.
డీజిలు, తాళ్లు, ఎవరో ఎత్తుకుపోయిన తెడ్డు
(దాన్ని ఏ పద్దులో రాయను?)
కూడిక సగంలో ఉండగా
మురోస్ రేవులో నీళ్లు వెనక్కి తీశాయి.
పడవ మెల్లగా బురదలో కూర్చుని
రాతిగోడకి భుజం ఆనించింది.
ఆఫీసంతా ఎడమకి ఒరిగింది.
పెన్సిలు దొర్లి, గట్టుకి కొట్టుకుని
ఆగింది.

దిండు అటు జరుపుకుని
మిగతా వరస కూడాను.

సాయంత్రం తలుపు మీద సుద్దముక్కతో రాశాను:
పనివేళలు, సముద్రం పోటు మీదున్నప్పుడు.
కింద బ్రైషో ఎప్పుడు కలిపాడో:
పాటు వేళ వచ్చేవాళ్లు
కాస్త ఒరిగి రండి.