గార

క్లాసులో సారు గార అంటే
సున్నం, ఇసుక, బెల్లంనీళ్లు, కరక్కాయ రసం,
ఇటుక గోడకి మెత్తే పూత అని రాయించారు.
పెదాలు బిగించి రాసుకున్నాను.
మా కనిగిరి పక్క గారంటే
పళ్లమీద ఉండేది.

పదో తరగతి గ్రూపు ఫోటోలో
నలభై ఇద్దరం ఉన్నాం,
ఒక్క పన్నూ లేదు.

రెండో ఏడు ఫీల్డువర్కుకి
యూనివర్సిటీ బస్సు మా వైపే తెచ్చి దించింది.
పామూరు రోడ్డు దిగి, కందిచేలు దాటితే
రాక్షసగుళ్ల బీడు.
చిన్నప్పుడు మేకలు తోలుకుపోతే
ఆ రాళ్ల నీడన కూచోనిచ్చేది కాదు అవ్వ.
పొట్టోళ్లు కట్టుకున్న ఇళ్లంట అవి,
నిప్పులవాన కురిసి లోపలే మాడిపోయారంట.
ఇప్పుడు ఆ ఇళ్లచుట్టూ
మేకులు కొట్టి, దారం లాగి
గళ్లు గీశాం.

తవ్వకం అని పేరేగానీ
చేసేది చిమ్మడం.
అయిదు సెంటీమీటర్లకి ఒక పూట.
కూలికొచ్చిన మాలకొండమ్మ నా బ్రష్షు చూసి నవ్వింది.
"ఉపాధి పనిలో ఇట్టా చేస్తే
కొలతలోడు రూపాయి గూడా రాయడమ్మాయ్."
పార పక్కనపెట్టి
చిటికెడు మట్టి వేళ్లమధ్య నలిపి
"ఇది ఎవురో పోసిన మన్ను, పుట్టుమన్ను గాదు" అంది.
నా నోట్సులో దానికి పేజీన్నర నిర్వచనం.

మూడో పొర.
లోపల నలుపు, బయట ఎరుపు కుండ, మూతతో సహా.
తుప్పులో సగమైన కొడవలి.
ఎముకలు చాలామటుకు పొడి.
దవడ మాత్రం నిలిచింది,
ఎడమవేపు నాలుగు పళ్లతో.

మట్టి పోయింది. మరక పోలా.
తడిదూదితో మళ్లీ తుడిచాను.
అడ్డంగా గోధుమరంగు చారలు,
మధ్యమధ్య సుద్దతెలుపు మచ్చలు,
నేను రోజూ అద్దంలో చూసేవే.

స్కేలు చేతిలో అట్లాగే ఉంది.
నాలుకతో
నా పళ్లు తడుముకున్నాను.

సారు వంగి చూశారు.
"తొందరపడొద్దు వెంగమాంబా,
మాంగనీసు మరకైనా కావచ్చు. లేబుకి పోనీ."
మాలకొండమ్మ గట్టుమీంచి తొంగిచూసింది
నోటికి కొంగు అడ్డం పెట్టుకోడం మరిచిపోయి.
ఎవరు వీళ్లు, ఎక్కణ్ణించి వచ్చారని
సెమిస్టరంతా మేం కొట్టుకున్నాం.
ఆమెకి ఒక్క చూపు పట్టింది.
"మన బాయి నీళ్లే తాగినాడు.
మనూరోడే."
కాసేపాగి,
"మోకాళ్లు పట్టేసేవేమో పాపం" అంది.

మధ్యాహ్నం ఆ గుంట ఒడ్డునే
ఇరవై రూపాయల క్యాను నీళ్లతో
అన్నాలు తిన్నాం.

సంచీమీద చీటీ రాశాను:
కందకం రెండు, పొర మూడు, లోతు తొంభై ఆరు.
దంతాలు, నాలుగు.
ఊరికి ఆ చీటీలో గడి లేదు.

అయిదు నెలలకి రిపోర్టొచ్చింది.
నమూనా చాలదు, తేల్చలేం.
మాలకొండమ్మకి చెప్పలేదు.
ఆమెకి అప్పుడే తేలిపోయింది కదా.

వైవాలో, బయటినుంచి వచ్చిన పెద్దాయన
కాగితాలు తిరగేసి, కళ్లద్దాలు పైకి తోసి,
"ఇదంతా ఊహేగా, ఆధారమేదమ్మా?" అన్నారు.

అలవాటుగా మూతివైపు లేచిన చెయ్యి
సగంలో దించేసి
నోరు తెరిచాను.